గొడ్రాలి చేతి పాలు

జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజుల్లో, ఒక ఎండాకాలం పొద్దున, బాలలక్ష్మి ఒక గొడ్డుబర్రెను తోలుకుని పుట్టిల్లయిన తొగుట నుంచి సిద్దిపేటకు తిరిగొచ్చింది. ఊళ్లో ఇన్ని వాడలుండగా, తనను వెళ్లగొట్టిన అత్తగారి వాడలోనే కొట్టం కిరాయికి తీసుకుంది. గాలి రాదు, నీళ్లు దూరం, ఈ జాగ నీకెందుకని కొట్టం యజమాని చెప్పిచూశాడు. ఆమెకు గాలీ అక్కర్లేదు, నీళ్లూ అక్కర్లేదు. పెంటవ్వ పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా తన ముఖమే కనబడాలి. ఆ ఒక్క సుఖం కోసం ఎంత దూరం నుంచైనా నీళ్లు మోయడానికి సిద్ధపడే వచ్చింది.

పెంటవ్వ అంటే ఆమె అత్త. పేటలో పాల వ్యాపారం పెంటవ్వదే. బట్టల దుకాణం కాశీనాథం ఇంటి దగ్గర్నుంచి కచేరీ గుమాస్తాల ఇళ్ల దాకా ఆమె పోసిన పాలే కాగేవి. అన్ని పాలు ఎక్కడివి అని ఎవరూ అడగలేదు. కాగే పాలను చూసి ఎవరికైనా అడగబుద్ధి ఎందుకవుతుంది?

దుడ్డె బతికుంటే పాలు తాగుతుంది కాబట్టి పెంటవ్వ కొట్టంలో దుడ్డెలు బతికేవి కావు. దుడ్డె మూతి పెట్టనిదే బర్రె చేపదు, పాలన్నీ పొదుగులోనే బిగబట్టుకుంటుంది. దానికి ఆ ఇంట్లో ఒక ఉపాయం ఉండేది. తెల్లారకముందే తలుపులు మూసేవారు. కోడలు తోకను పక్కకు లాగి పట్టుకునేది. కొడుకు సారయ్య బర్రె ఈనే దారిలో వెదురు గొట్టం పెట్టి, బుగ్గలు పగిలేటట్టు ఊదేవాడు. బర్రె వీపు వంచి, వెనక కాళ్లు ఎడం చేసి, నిలువెల్లా వణికి, ఉన్న పాలన్నీ ఒక్కసారే వదిలేసేది. ఆ తర్వాత తలుపులు తీసేవారు. పెంటవ్వ నుదుట ఇంత బొట్టు పెట్టుకుని, పాలచెంబులు ఎత్తుకుని బయల్దేరేది.

కోడలిగా వచ్చిన బాలలక్ష్మి కొన్నేళ్లు ఆ తోక పట్టుకుంది. పట్టుకున్న చేతికి బర్రె వణుకు తెలిసేది. ఒకరోజు తోక వదిలేసింది.

"నాతోని కాదత్తా. ఊదిన బర్రె మళ్ల ఎదకొస్తలేదు. ఒక్కొక్కటి గొడ్డువోతున్నయ్, సూస్తలేవా?"

పెంటవ్వ చూడకేమీ! వట్టిపోయిన బర్రెనల్లా కటికవాళ్లకు తోలుతున్నది ఆమే కదా. కానీ ఆ మాట కోడలి నోట వినేసరికి ఒళ్లు మండింది. పెళ్లయి ఏళ్లు గడిచినా కోడలి కడుపు పండలేదు. పెంటవ్వ ఆ రెండింటినీ ముడేసింది. పాలు పోసే ప్రతి గడపలోనూ చెంబు వంచుతూ ఒకే పాట పాడింది.

"దీని కడుపు పండలే. ఇది ముట్టిన బర్రె కడుపు గూడ పండుతలేదు. గొడ్రాలి చెయ్యమ్మా, ఏం చేస్తం!"

ఊరు నమ్మేసింది. కులపెద్దలు కూర్చున్నప్పుడు బాలలక్ష్మి మొగుడి వైపు చూసింది. గొట్టం సంగతి తెలిసినవాళ్లు లోకంలో ఇంకెవరున్నారు? సారయ్య తన కాలి గోళ్లు చూసుకున్నాడు. ఆ పూట వాళ్లమ్మ అన్న మాటలన్నీ ఒక ఎత్తు, వాడు ఆ గోళ్లు చూసుకోవడం ఒక ఎత్తు. పెళ్లిలో తండ్రి బాలనర్సయ్య అరణంగా ఇచ్చిన చంద్రి అనే బర్రె కూడా అప్పటికి గొడ్డుబోయింది. "నీ అరణం నువ్వు తోలుకపో. ఇద్దరికిద్దరు సరివోయిన్రు," అని పెంటవ్వ పలుపు చేతిలో పెట్టింది.

నంగునూరు నుంచి తెచ్చుకున్న రెండో కోడలు ఏడాది తిరక్కుండానే కొడుకును కన్నది. ఇంకేం, పెంటవ్వ మాట రుజువైపోయింది. బాలలక్ష్మి లేని కొట్టంలో కూడా బర్రెలు గొడ్డుబోతూనే ఉన్నాయి కదా అన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

"పోనియ్యి బిడ్డా, మారుమనువు చేస్త," అన్నాడు బాలనర్సయ్య.

"ముందుగాల నా పేరు నాకు రావాలె బాపూ. గా మనువు సంగతి ఎనుక సూద్దాం."

పేరు ఎట్లా వస్తుందో ఆమెకు తెలుసు. చంద్రి ఈనాలి. గొడ్రాలి చేతి కింద, పెంటవ్వ కళ్లెదుట, ఊరి నడిబొడ్డున ఈనాలి. అందుకే సిద్దిపేటకు వచ్చింది. పశువుల దవాఖాన ఉన్నది అక్కడే.

దవాఖానలో దత్తాత్రి అనే సలోత్రి, అంటే పశువుల డాక్టరు, ఉండేవాడు. బట్టతల, మీసాలకు ఎప్పుడూ నశ్యం. మోచేతి దాకా సబ్బునీళ్లు రాసుకుని, చంద్రి పెండ దారిలో చెయ్యి పెట్టి చాలాసేపు తడిమాడు. కళ్లు మూసుకుని, లోపల ఏదో వెతుకుతున్నట్టు తల ఆడించాడు.

"దీనికి గొట్టం పెట్టి ఊదిన్రా?"

బాలలక్ష్మి ఆయన ముఖంలోకి చూసింది. ఎవరూ చెప్పకుండా ఈయనకెట్లా తెలిసింది?

"ఊదిన్రు సాబ్."

"సంచి నిండ చీముంది. గా గొట్టంతోని లోపటికి పోయిన మురికే ఇదంత." ఆయన చెయ్యి కడుక్కుంటూ చెప్పడం మొదలుపెట్టాడు. "ఇను బిడ్డా. గర్భసంచికి అటొకటి ఇటొకటి చిన్న గడ్డలుంటయి. గుడ్లు వుట్టేది గా గడ్డలల్లనే. గుడ్డు ఇడిసిన జాగల ఒక పసుపుపచ్చ ముద్ద కడ్తది. గా ముద్దల నుంచి ఒక రసం ఊరి నెత్తుట్ల కలుస్తది. కడుపుల దుడ్డె ఉన్నది, సంచి కదలద్దు, ఎద రావద్దు అని ఒళ్లంత చెప్పేది గదే. బర్రె కడితె, అంటె చూలు నిలిస్తె, ఈనేదాక గా ముద్ద ఉంటది, కడుపును కాపాడుతది. కట్టకపోతె కరిగిపోతది, మూడు వారాలకోసారి మళ్ల ఎదకొస్తది."

"మరి మా చంద్రి ఎందుకొస్తలేదు?"

"చీముతోని నిండిన సంచిని జూసి దాని ఒళ్లు కడుపనుకుంటుంది. ముద్ద కరుగుతలేదు. బర్రె గొడ్డుది కాదు, మోసవోయింది."

బాలలక్ష్మి చంద్రి మెడ మీద చెయ్యి వేసింది. ఇన్నేళ్లూ ఇది కూడా లేని దుడ్డెను మోస్తోందన్నమాట. ఊదితే పాలెందుకు వస్తాయని అడిగింది.

"తలకాయల, మెదడు కింద ఒక గింజంత గడ్డ ఉంటది. దుడ్డె చన్ను చీకితె గా గడ్డలకెల్లి ఇంకో రసం దిగి పొదుగును పిండుతది. ఈనేటప్పుడు దారి సాగినా గదే రసం దిగుతది. మీవోళ్లు ఊది దారిని సాగదీస్తుండ్రు. బర్రె ఏమనుకుంటది? ఈనుతున్న అనుకుంటది. దినాం పొద్దున ఉత్తగనే ఈనుతది పాపం."

ఆ మాటకు బాలలక్ష్మికి ఏడుపు రాలేదు. పళ్లు బిగుసుకున్నాయి. రోజూ ఉత్తినే ఈనించారు, చివరకు ఈనలేదని తరిమేశారు. ఆ కసి బర్రె కోసమో తన కోసమో ఆమెకే తెలియలేదు.

సలోత్రి లోపలి నుంచే వేళ్లతో ఆ ముద్దను చిదిమేశాడు. అందరి చేతులకూ అబ్బే పని కాదది, గట్టిగా నొక్కితే నెత్తురు పోయి బర్రె చస్తుంది. మర్నాటికి చంద్రి చీము దించడం మొదలుపెట్టింది. వారం వారం సంచిని మందునీళ్లతో కడిగించింది బాలలక్ష్మి. కోమటిచెరువు గట్టున గడ్డి కోసుకొచ్చి మేపింది. కూలికి పోయి తౌడు తెచ్చి పెట్టింది.

బర్రె ఎద ఆవు ఎదలాంటిది కాదు. ఆవైతే కట్టుకొయ్య పెరికి వాడంతా చాటుతుంది. బర్రెకు సిగ్గెక్కువ, ఎండాకాలంలో అయితే మరీను. కుడితి సగంలో వదిలేయడం, మాటిమాటికి మూత్రం పోయడం, తోక కింద తీగలా సాగే జిగురు. ఇంతే దాని గోల. చూసేవాళ్లు చూడాలి. బాలలక్ష్మి చూపు ఇంకెక్కడా ఉండేది కాదు. మొదటిసారి ఎద పట్టగానే సంబరంగా దున్నపోతు దగ్గరికి తోలబోతే సలోత్రి అడ్డం పడ్డాడు.

"జిగురు ఇంక మబ్బుగుంది. అద్దం లెక్క తేటగ రానియ్యి. ఇప్పుడు కట్టినా నిలువది."

ఆమెకు ఆగడం చేతకాదు. అయినా పగ తీరాలంటే ఆగాలి. పళ్లు నూరుకుంటూ ఆగింది. వానలు పడ్డాక జిగురు తేటగా సాగింది. దున్నపోతును కట్టించింది. మళ్లీ ఎద రావలసిన రోజులు వచ్చాయి, వెళ్లాయి. చంద్రి కుడితి వదల్లేదు, తోక కింద తడి లేదు. ఈసారి ఆ పసుపు ముద్ద నిజమే చెబుతోంది.

ఇక చూడాలి ఆ పిల్ల దర్జా! చెరువుకు దగ్గరి దారి ఉన్నా, చంద్రిని పెంటవ్వ గడప ముందునుంచే తోలుకుపోయేది. నెలలు నిండేకొద్దీ మరీ నెమ్మదిగా తోలేది. పెంటవ్వ మొదట చూడనట్టు నటించింది. తర్వాత ఉమ్మేసింది. ఆ తర్వాత నోరు విప్పింది.

"నీరు వట్టిందే దానికి. కడుపు కాదది."

"ఏ నీరో ఈనినంక సూద్దువు గాని తియ్యి," అని బాలలక్ష్మి నవ్వుతూ పోయేది.

మరుసటి ఎండాకాలం చంద్రి ఈనింది. నల్లగా నిగనిగలాడే పెయ్యదుడ్డె. మాయ పడేదాకా సలోత్రి పక్కనే కూర్చున్నాడు. బాలలక్ష్మి జున్నుపాలు చెంబు నిండా పట్టుకుని వాడకట్టంతా తిరిగింది. తన పని అయిపోయిందనుకుంది, పిచ్చిది.

చెంబు నిండుగానే తిరిగొచ్చింది. పెంటవ్వ ముందే అన్ని గడపలూ తిరిగి వెళ్లింది మరి. "బర్రె ఈనితె ఈనింది. చెయ్యి మారుతదా? చంటిపిల్లలున్న ఇండ్లల్ల గొడ్రాలి చేతి పాలు పోయించుకుంటరా?" అందిట. కాశీనాథం భార్య కౌసల్యమ్మ మంచి మనిషి. ఆమె కూడా గుమ్మంలోనే ఆపేసింది. కూతురు పురిటికి వచ్చి ఉంది, ఆ పిల్లకు పాలు చాలక పసిదానికి బర్రెపాలే పడుతున్నారు.

"నాకు నీ మీద కోపం లేదు బాలలక్ష్మీ. పసిపోరి ఉన్న ఇల్లు. నీ పాలు తాపినంక రేపేమన్న అయితె నా బిడ్డ నన్ను ఇడిసిపెడ్తదా?"

ఈ మెత్తటి మాట అత్త తిట్లకంటే లోతుగా దిగింది. కొట్టానికి వచ్చి పాలన్నీ దుడ్డెకే వదిలేసింది. చంద్రి ఈనినా ఊరి నోట తన పేరు మారలేదు. మంచి జరిగితే ఊరు నమ్మదు, చెడ్డను మాత్రం వినగానే నమ్ముతుంది. అట్లయితే ఊరికి చెడ్డనే చూపిద్దామనుకుంది. ఆ రోజంతా అన్నం తినకుండా ఆలోచించి, సాయంత్రం కౌసల్యమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లింది.

"షావుకారమ్మా, నా పాలు తీసుకోకుండ్రి. ఒక్క మాట వినుండ్రి. మా అత్తను బర్రెను తోలుకొచ్చి మీ వాకిట్లనే పిండమనుండ్రి."

కౌసల్యమ్మకు అనుమానం వచ్చింది. నీళ్లు కలుపుతారని భయమున్న ఇళ్లవాళ్లు బర్రెను గుమ్మం ముందుకే తెప్పించి, కళ్లెదుట పిండించుకోవడం పట్నాల్లో మామూలే. "నీళ్లు కలుపుతదా?" అనడిగింది.

"నేనేమన. పిండమనుండ్రి, సూడుండ్రి."

కబురు అందాక పెంటవ్వ మూడు నాలుగు రోజులు సాకులు చెప్పింది. బర్రె బెదురుతుందంది, ఎండ అంది, కొడుక్కి జ్వరమంది. సాకు సాకుకూ కౌసల్యమ్మ అనుమానం గట్టిపడింది. పసిపిల్ల పాల సంగతి. తెస్తే తెమ్మని, లేకపోతే పాలే వద్దని చివరి కబురు పంపింది. పెంటవ్వకు తప్పలేదు. బూరి అనే ఎర్రబర్రెను ముందు పెట్టుకుని, కొడుకును వెంటేసుకుని వచ్చింది. వాకిట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేరారు. బాలలక్ష్మి ఒక మూల నిలబడింది.

"అది ఉంటె నేను పిండనియ్య," అని పెంటవ్వ రంకె వేసింది. "దాని కన్ను వడ్డదంటె నా బర్రె చేపదు. నాకు తెల్వదా?"

బాలలక్ష్మి ఈ మాట కోసమే ఎదురుచూసింది. గోడ వైపు తిరిగింది. కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"నేను సూడ. సుట్టుపక్కల వదినెలందరు ఉన్నరు, నేను తిరిగితె చెప్పుండ్రి. ఇగ పిండుకో అత్తా."

ఏళ్ల తరబడి కలలుగన్న ఘడియ వీపు వెనక జరగబోతోంది. తిరిగి చూస్తే అత్తకు సాకు దొరుకుతుంది. సున్నం రాలిన గోడను చూస్తూ చెవులప్పగించి నిలబడింది. సారయ్య చెంబు కింద పెట్టిన చప్పుడు. బూరి పొదుగు మీద నీళ్లు కొట్టిన చప్పుడు. చన్నులు లాగుతున్నాడు. ఇత్తడి చెంబులో పాలధార పడితే వచ్చే మోత ఆమెకు నిద్రలోనైనా తెలుస్తుంది. ఆ మోత రాలేదు. సారయ్య బుజ్జగించాడు, తట్టాడు, దాణా పెట్టాడు. పెంటవ్వ బూరి మెడ కింద గోకి పాట పాడింది. రాలేదు. ఎవరో ముసిముసిగా నవ్వారు. తర్వాత ఆ నవ్వు కూడా ఆగిపోయింది.

"ఇదేంది, ఇట్ల నిలవడ్డది?" కౌసల్యమ్మ గొంతు. "వీపు వంచి, కాళ్లు ఎడం జేసి... తోక పక్కకెందుకు తీస్తుంది సారయ్యా? దేనికోసం సూస్తుంది గది?"

గోడ వైపే ఉన్నా బాలలక్ష్మికి బూరి నిలువెల్లా కనబడింది. తోక పట్టుకున్న చెయ్యి కదా. రోజూ జరిగేది ఈరోజు ఎందుకు జరగడం లేదో తెలియక, ఆ మూగది తనంతట తానే సిద్ధపడి నిలబడింది.

"బెదిరిందమ్మా," అంది పెంటవ్వ.

"బెదిరిన గొడ్డు తన్నుతది. ఇది తన్నుతలేదు. ఏదో కావాలని నిలవడ్డది. సారయ్యా, నిన్నే అడిగేది. పసిపిల్ల తాగే పాలు. ఏం జేస్తరు మీరు దీనికి?"

సారయ్య మళ్లీ గోళ్లు చూసుకుని ఉంటాడని బాలలక్ష్మి అనుకుంది. కానీ అంతమంది ఆడవాళ్ల మధ్య వాడికి తప్పించుకునే దారి లేకపోయింది.

"ఊదకుంటె చేపదమ్మా," అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

ఎక్కడ ఊదుతారు, దేంతో ఊదుతారు అని కౌసల్యమ్మ ఒక్కో మాటే రాబట్టింది. చెప్పేది వింటూ ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒకామె వాకిట్లోనే వాంతి చేసుకుంది. ఆ పాలతోనే వాళ్లు దేవుడికి నైవేద్యం పెట్టారు, పిల్లలకు పోశారు.

"బాలలక్ష్మీ, ఇటు తిరుగు," అంది కౌసల్యమ్మ.

తిరిగింది. అత్త ముఖం మాడి మసైపోయి ఉంది. ఎంత హాయిగా ఉందో ఆ ముఖం! దాచుకోవడమెందుకు, ఆ హాయి కోసమే ఆమె బతికింది.

"నేను గొడ్రాలినో కాదో నాకు తెల్వదమ్మా," అంది అందరికీ వినబడేలా. "దేవుడు చెప్పలే, ఏ డాక్టరూ చెప్పలే. నా చెయ్యి మాత్రం గొడ్డుది కాదు. నా చెయ్యి ఆ తోకను ఇడిసిపెట్టినందుకే నన్ను ఎల్లగొట్టిన్రు."

ఆ రోజు నుంచి పెంటవ్వ పాలు కొన్నవాళ్లు లేరు. చంద్రి పాలు చాలక, కౌసల్యమ్మకు పోయగా మిగిలినవాటికి మిగతా ఇళ్లవాళ్లు వంతులు వేసుకున్నారు. వానలు మొదలవుతుండగా పెంటవ్వ బూరిని తోలుకుని బాలలక్ష్మి కొట్టానికి వచ్చింది. రెండో కోడలు పిల్లవాణ్ణి ఎత్తుకుని నంగునూరు పోయి కూర్చుందిట. ఉన్న బర్రెల్లో ఒక్కటీ ఎదకు రావడం లేదుట.

"దీన్ని జర బాగుజెయ్యి బిడ్డా. నువ్వు గూడ ఇంటికి రా. సారడు నీ పేరే తీస్తుండు."

"నేను రాను. బర్రెను ఇడిసిపో, బాగుజేస్త."

దయ అనుకునేరు. దయ కాదు. "ఒక్క షరతు," అంది. "ఇది ఈనిననాడు నువ్వే జున్ను వండాలె. మన వాడల ఇల్లిల్లు తిరిగి నువ్వే పంచాలె. పంచుకుంట నా చెయ్యి సంగతి చెప్పాలె."

"ఇంక కోపం పోలేదానే నీకు?"

"పోలే."

బూరికి కూడా సలోత్రి ముద్ద చిదిమాడు, సంచి కడిగాడు. చంద్రికంటే ఎక్కువ కాలం పట్టింది, ఒక దశలో ఆశ వదులుకోమన్నాడు కూడా. బాలలక్ష్మి వదల్లేదు. చలికాలంలో బూరి ఎద పట్టింది, కట్టింది, నెలలు మోసింది, ఈనింది.

మాట ప్రకారం పెంటవ్వ జున్నుగిన్నె నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. వెనకాలే బాలలక్ష్మి నడిచింది. పెంటవ్వ ఎప్పుడో గొడ్రాలి చెయ్యి అన్న మాట మొదలుపెట్టిన గడపలే అవన్నీ. ఒక్కో గడప దగ్గరా గిన్నె దించి, జున్ను ముక్క చేతిలో పెట్టి, మాట చెప్పాలి. మొదటి ఇంటి దగ్గర జున్ను మాత్రం పెట్టి, పక్కింటికి పోబోయింది. బాలలక్ష్మి కదల్లేదు, కదలనివ్వలేదు. చివరికి ముసలిది కళ్లనీళ్లు పెట్టుకుని, "నా కోడలి చెయ్యి మంచిది, నేనే అబద్ధమాడిన," అని గొణిగింది.

"జర గట్టిగ చెప్పత్తా," అంది బాలలక్ష్మి. "సందు చివరి ఇంటోళ్లకు వినవడలే."